మా ఫాల్ రివర్ వవో పోయింది, ఆవిడ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

మూడో_అంతస్తు

అందరికీ నమస్తే. ఈ ఫోరంలో వీసా థ్రెడ్లు చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. మొన్న గురువారం పొద్దున్నే మా పాత ఓనరమ్మ కూతురు మెసేజ్ పెట్టింది, వవో రాత్రి నిద్రలోనే పోయింది అని. 81 ఏళ్ళు. వవో అంటే అమ్మమ్మో నానమ్మో, మసాచుసెట్స్‌లో సెటిలైన అజోర్స్ దీవుల పోర్చుగీసు వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు అలాగే పిలుస్తారు, మన అవ్వకి దగ్గరగా వినపడుతుంది కాబట్టి మాకు రెండో రోజుకే అలవాటైపోయింది.

యూమాస్ డార్ట్‌మత్ యూనివర్సిటీలో చదివినవాళ్ళకి పక్కనున్న ఫాల్ రివర్ ఊరు తెలిసే ఉంటుంది. మిల్లు కార్మికుల కోసం కట్టిన మూడంతస్తుల చెక్క ఇళ్ళు వరసగా ఉంటాయి, ట్రిపుల్ డెక్కర్లు అంటారు. కింద వవో, మధ్యలో ఎవరో ఒకరు, పైన మేం నలుగురం, 2010 నుంచి 2012 దాకా.

అద్దె మాట్లాడటానికి వెళ్ళిన రోజు చెప్తాను. ఆగస్టు, ఎండ మండిపోతోంది, మా దగ్గర ఒక్క కాగితం లేదు, క్రెడిట్ స్కోర్ అంటే తిండా బట్టా అన్నట్టున్నాం. నల్ల గౌనులో ఒక పొట్టి ముసలావిడ తలుపు తీసి మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసింది. భర్త పోయి అప్పటికి ఏడేళ్ళు, ఇంకా నలుపే కట్టేది. లోపల కూర్చోబెట్టి ప్లేట్లో పండు ముక్కలు పెట్టి "అననాష్" అంది. మావాడొకడు "ఓ అనాసా" అన్నాడు అలవాటు కొద్దీ, గోదావరి జిల్లా వాడు లెండి. ఆవిడ ఆగిపోయింది. మళ్ళీ అను అంది. అన్నాడు. వాళ్ళ సావ్ మిగెల్ దీవిలో అనాసని అద్దాల ఇళ్ళల్లో పెంచుతారట, వాళ్ళ నాన్న అందులో కూలీ. మా మాట నీ నోట్లోకి ఎలా వచ్చింది అని వాడి చెయ్యి పట్టుకుని అడిగింది, మాకేం తెలుసు. ఇల్లు మాత్రం దొరికింది, డిపాజిట్ కూడా అడగలేదు.

ఇంకొకటి. రూమ్మేట్‌కి కడుపునొప్పి వచ్చి ఎమర్జెన్సీకి వెళ్తే నెల తర్వాత నాలుగు వేల డాలర్ల బిల్లు వచ్చింది. వాడు రెండు రోజులు అన్నం మానేశాడు. వవోకి ఎలా తెలిసిందో తెలిసింది (ఆ ఇంట్లో ఆవిడకి తెలియకుండా పోస్ట్ డబ్బా కూడా తెరుచుకోదు), మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని సంచి పట్టుకుని రెడీ. బస్సులో ముగ్గురం వెళ్ళాం. బిల్లింగ్ కౌంటర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని క్రోషే సూది, దారం ఉండ తీసింది. ఈ రోజు కుదరదు అన్నారు, పర్లేదు నాకు టైముంది అంది, అల్లుకుంటూ కూర్చుంది. మూడు గంటలు. చివరికి లోపలి నుంచి ఒకావిడ వచ్చి, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి ఒక ఫారం ఉంటుంది అని తెచ్చిచ్చింది. రెండో విడత వెళ్ళేసరికి నాలుగు వేలు కాస్తా మూడు వందలైంది. ఆవిడ అక్కడ మాట్లాడింది మొత్తం కలిపి పది మాటలుంటాయి, ఆ పదీ తప్పుల ఇంగ్లీషే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, మీకెందుకు ఇంత శ్రమ అని. 1969లో వచ్చిందట ఈ దేశం. మరుసటేడు చంటిదానికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళి పొద్దున్నుంచి కూర్చుందట. పిలుస్తూనే ఉన్నారట, కానీ ఇంగ్లీషోళ్ళ నోట్లో ఆవిడ పేరు ఆవిడకే అర్థం కాలేదట, సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. "పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు, ఆ మనిషికి ఏమీ తెలియక్కర్లేదు" అంది. మళ్ళీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మా బ్యాచ్ తర్వాత కూడా మనవాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారని విన్నా. ఉంటే రాయండి. సెప్టెంబర్‌లో పండుమిర్చి రుబ్బడం గుర్తున్నవాళ్ళు తప్పకుండా రాయండి.

గుంటూరు_ఘాటు

అన్నా ఓం శాంతి. నాకు ఆవిడ తెలీదు, నేను టెక్సాస్. కానీ పండుమిర్చి అని రాసి వదిలేస్తే గుంటూరోడికి నిద్ర పడుతుందా? అమెరికాలో పోర్చుగీసు ముసలమ్మ పండుమిర్చి రుబ్బడం ఏంటి, వివరంగా చెప్పు.

మూడో_అంతస్తు

@గుంటూరు_ఘాటు చెప్తా. పిమెంత మొయీద అంటారు, అంటే రుబ్బిన మిరప అనే అర్థం. అజోర్స్ వాళ్ళ వంటకి అది పునాది, మాంసం నానబెట్టాలన్నా చేప వేయించాలన్నా చిక్కుళ్ళు వండాలన్నా ముందు అదే పడుతుంది. సెప్టెంబర్ రాగానే వాళ్ళ కొట్ల ముందు ఎర్ర మిరపకాయలు పెద్ద పెద్ద బుట్టలతో దిగుతాయి, మన కాయ కాదు, వెడల్పుగా కండగా ఉంటుంది, కారం మనవాళ్ళకి లెక్కలోకి రాదు.

ఆ ఇంటికి కింద బేస్‌మెంట్‌లో ఇంకో వంటిల్లు ఉండేది. అజోర్స్ వాళ్ళకి అది మామూలే, పైన వంటిల్లు చుట్టాలకి చూపించడానికి, కింద వంటిల్లు వండటానికి. అక్కడ బల్లకి బిగించిన చేతి మిల్లు, ఇనుపది, హ్యాండిల్ చెక్కది. ముందు రోజే కాయలు కడిగి పాత దుప్పటి మీద ఆరబెట్టేది. మేం నలుగురం తొడిమలు తీసి గింజలు దులపాలి, చేతి తొడుగులు ఇస్తే మా వాళ్ళు మాకెందుకు మేం ఆంధ్రా అని పోజు కొట్టి, రాత్రి కాంటాక్ట్ లెన్సులు తీసేటప్పుడు ఏడ్చారు. నేను తిప్పేవాణ్ణి. ఎర్రటి ముద్ద బకెట్లోకి పడుతుంటే ఆవిడ గుప్పిళ్ళతో రాళ్ళ ఉప్పు వేస్తూ ఉండేది, కొలత లేదు, వేలు ముంచి నాకి ఇంకో గుప్పెడు. గుడ్డ కట్టి కొన్ని రోజులు అలా ఉంచి, రోజూ చెక్క గరిటెతో కలిపి, తర్వాత సీసాల్లోకి ఎత్తి పైన ఆలివ్ నూనె పోసేది. అంతే. చింతపండు లేదు, మెంతులు లేవు, పోపు లేదు.

మొదటి ఏడాది ఒక సీసా మాకిచ్చింది. మేం దాన్ని తెచ్చి చింతపండు వేసి మెంతిపిండి వేసి ఇంగువ పోపు పెట్టి అన్నంలో కలుపుకున్నాం. సగం సీసా ఆవిడకి తిరిగి ఇచ్చాం రుచి చూడమని. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చాలాసేపు ఏమీ అనకుండా, "పాడు చేశారు" అంది. వారం తర్వాత ఖాళీ సీసా పైకి పంపింది, మళ్ళీ నింపమని.

గుంటూరు_ఘాటు

😂😂 పాడు చేశారంట. చాలు అన్నా, మనసు నిండింది.

సాంచాల_సిరిసిల్ల

అన్న ఆ ఊరి గురించి ఎక్కడో చదివిన, ఒకప్పుడు బట్టల మిల్లులకు ఫేమస్ కదా. మా బాపు ముప్పై ఏండ్లు సాంచల మీద చేసిండు, మీటరుకు ఇంత అని లెక్క. ఆమె ఏం పని చేస్తుండె?

మూడో_అంతస్తు

@సాంచాల_సిరిసిల్ల అవును తమ్ముడూ, ఫాల్ రివర్‌ని స్పిండిల్ సిటీ అనేవాళ్ళు, కదుర్ల పట్నం అన్నమాట. నూరుకి పైగా నూలు మిల్లులు ఉండేవట ఒకప్పుడు, నల్లరాతి గోడలు ఇప్పటికీ ఉన్నాయి, లోపల అపార్ట్‌మెంట్లూ ఫర్నిచర్ షాపులూ. వవో వచ్చేటప్పటికి నూలు మిల్లులు దక్షిణాది రాష్ట్రాలకి తరలిపోయి, ఆ గోడల మధ్యనే కుట్టు ఫ్యాక్టరీలు నడిచేవి. కోట్లు, కర్టెన్లు. దిగిన మూడో వారానికే మిషను మీద కూర్చుంది, కోటు చేతులు అతకడం ఆవిడ పని. పీస్ రేటు. కట్టకి ఒక చీటీ ఉంటుంది, కుట్టాక ఆ చీటీ చింపి కాగితం మీద అంటించుకోవాలి, వారం చివర ఎన్ని చీటీలుంటే అంత జీతం. చీటీ పోతే కూలి పోయినట్టే.

ఆ అలవాటు పోలేదు ఆవిడకి. వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక నోట్‌బుక్కు ఉండేది. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్ళాలో అందులో రాసుకునేది, రాసుకునేది అంటే సగం బొమ్మలే, మూడో క్లాసుతో బడి ఆపేశారు మరి. పన్ను బొమ్మ వేస్తే డెంటిస్టు, జెండా బొమ్మ వేస్తే సిటిజెన్‌షిప్ ఆఫీసు, శిలువ ఉంటే చర్చి కాదు, ఆసుపత్రి. పని అయ్యాక బస్సు టికెట్టు ఆ పేజీలో అంటించేది. అచ్చం కూలి చీటీల్లాగే.

సాంచాల_సిరిసిల్ల

ఆ చీటీల ముచ్చట సదివితే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్ అన్న. మా బాపు కూడ గట్లనే చిన్న డైరీ మెయింటైన్ చేస్తుండె, సేటు లెక్క ఒకటి, తన లెక్క ఒకటి.

నిజం_మాట్లాడతా

ఎవరూ ఏమీ అనుకోవద్దు. మంచి ముసలావిడే అయ్యుంటుంది కానీ నెలనెలా అద్దె తీసుకున్న ఓనరమ్మకి ఇంత భజన అవసరమా? మనూళ్ళో మన అమ్మమ్మలు ఇంతకంటే చేశారు, వాళ్ళ మీద ఒక్క థ్రెడ్ కనపడదు. తెల్లోళ్ళు బస్సెక్కి పక్కన కూర్చుంటే మహానుభావులు.

డార్ట్‌మత్_అక్క

@నిజం_మాట్లాడతా బాబూ, మీ అమ్మమ్మ గారి మీద మీరొక థ్రెడ్ వెయ్యండి, మొదటి కామెంట్ నాదే.

నేను 2012 నుంచి 14 దాకా అదే ఇంట్లో రెండో ఫ్లోర్‌లో ఉన్నాను, ఇప్పుడు ప్రావిడెన్స్‌లో ఉంటున్నాను కాబట్టి శనివారం అంత్యక్రియలకి కూడా వెళ్ళొచ్చాను. ముందు తిట్టుకోవాల్సినవి తిట్టుకుంటాను, అప్పుడు భజన అనరు కదా. ఆవిడకి ప్రైవసీ అనే మాటకి అర్థం తెలీదు. మా ఆయన అప్పటికి ఇంకా మా ఆయన కాదు, ఒకసారి వస్తే మెట్ల మీద ఆపి జీతమెంత, మందు తాగుతావా, అమ్మకి ఫోన్ చేస్తావా అని మూడు ప్రశ్నలడిగి పైకి వదిలింది. ఒకటో తారీకు సాయంత్రం అద్దె చేతికి రాకపోతే చీపురు కర్రతో సీలింగ్ పొడిచేది. పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి వచ్చినవాళ్ళంటే పడేది కాదు, మా భాష మాట్లాడితే నవ్వుతారు అని కోపం. సావ్ మిగెల్ యాస నిజంగానే వేరేగా ఉంటుంది, కొన్ని అచ్చులు ఫ్రెంచ్ లాగా మూతి సున్నా చుట్టి పలుకుతారు, లిస్బన్ వాళ్ళకే సరిగా అర్థం కాదట. మొహమాటం లేకుండా పక్షపాతం చూపించేది కూడా, మగపిల్లలకి రెండు ముక్కలు ఆడపిల్లలకి ఒకటి. ఒకసారి అడిగేశాను. మర్నాటి నుంచి నాకు మూడు ముక్కలు పెట్టేది, కోపంగా.

2013 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తుందా ఎవరికైనా? శుక్రవారం మధ్యాహ్నం నుంచి రోడ్ల మీద కార్లు తిరగొద్దని గవర్నర్ ఆర్డరు. రాత్రికి కరెంటు పోయింది. హీటర్ లేదు. నేను రజాయిలో వణుకుతున్నా, కింద నుంచి చీపురు కర్ర శబ్దం. దిగి చూస్తే బేస్‌మెంట్ గ్యాస్ పొయ్యి మీద ఇంత గంగాళం, బంగాళాదుంపలు, కేల్ ఆకు, లింగీస (వాళ్ళ పంది మాంసం సాసేజ్) ముక్కలు. నాకు మాత్రం లింగీస వెయ్యకుండా విడిగా చిన్న గిన్నెలో. పక్కింటి కేప్ వర్డ్ వాళ్ళు, ఎదురింటి కంబోడియా ముసలాయన, మూడో ఫ్లోర్‌లో మన పిల్లలు, అందరూ మెట్ల మీద గిన్నెలు పట్టుకుని. ఆ ముసలాయనకి రెండు గిన్నెలు, ఎందుకంటే ఆయన తిరిగి మంచులో నడిచి రాకూడదు. మన పిల్లలకి పారలు చేతికిచ్చింది, తిన్న తర్వాత కాదు, తినేముందు. వీధి చివరి దాకా దారి తవ్వి వస్తేనే సూప్. అలా పని చెప్పడంలో ఆవిడకి సాటి లేదు.

మూడో_అంతస్తు

అక్కా చీపురు కర్ర!! మేం దానికి అలారం అని పేరు పెట్టుకున్నాం. మమ్మల్ని కోరీష్కు అని తిట్టేది, అంటే ఏంటా అని తర్వాత కనుక్కుంటే మెరుపూ పిడుగూ అనే అర్థమట, సావ్ మిగెల్ వాళ్ళకి అదొక ముద్దు తిట్టు. మా అమ్మ నన్ను చిన్నప్పుడు పిడుగా అనే తిట్టేది. ఫోన్‌లో చెప్తే అమ్మ "చూశావా ఎక్కడికెళ్ళినా నీ సంగతి తెలిసిపోతుంది" అంది.

@నిజం_మాట్లాడతా మీరన్నది తప్పేం కాదు, మా అమ్మమ్మ గురించి నేనెప్పుడూ రాయలేదు. రాస్తాను.

పదాలపిచ్చి

అనాస దగ్గర ఆగిపోయా. అనాస పోర్చుగీసు నుంచే వచ్చింది, వాళ్ళు బ్రెజిల్ ఆదివాసుల భాష నుంచి పట్టుకొచ్చారు. అదొక్కటే కాదు, బొత్తాం, అల్మారా, తువ్వాలు, పీపా, మేస్త్రీ, వేలం, ఇస్త్రీ అన్నీ ఆ ఓడల్లో దిగినవే. సబ్బు కూడా అంటారు కానీ అరబ్బుల ద్వారా వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు, దాని మీద నేను కొట్లాడను. అసలు మిరపకాయే వాళ్ళు తెచ్చి పెట్టింది, 16వ శతాబ్దంలో, అంతకుముందు మన కారం మిరియమే. కాబట్టి మనవాళ్ళు సీసా పాడు చేశారని వవో తిట్టడంలో న్యాయం ఉంది, సరుకు వాళ్ళది.

గుంటూరు_ఘాటు

సరుకు ఎవరిదైతేనేం బ్రో, పోపు మాది.

లైబ్రరీ_పార్ట్‌టైం

నేను ఆవిడని చూడలేదు కానీ డార్ట్‌మత్ క్యాంపస్ లైబ్రరీలో పార్ట్ టైం చేశాను (ఆ కాంక్రీటు కోటలో దారి తప్పని రోజు లేదు). అక్కడ పోర్చుగీసు అమెరికన్ల ఆర్కైవ్ ఒకటుంది, ఫెరేరా మెండిస్ పేరుతో, 2009లో పెట్టారు. పక్క ఊరు న్యూ బెడ్‌ఫర్డ్‌లో 1919 నుంచి 1973 దాకా నడిచిన పోర్చుగీసు దినపత్రిక పేజీలు స్కాన్ చేసి పెట్టారు. అట్టపెట్టెలు మోసిన పుణ్యానికి నాకు తెలిసింది చెప్తా, అసలు ఇంతమంది ఈ చిన్న ఊళ్ళకి ఎందుకొచ్చారు అని ఎవరికైనా డౌట్ ఉంటే.

మొదట తిమింగలాల వేట ఓడలు. న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి బయల్దేరిన ఓడలు అజోర్స్‌లో ఆగి మనుషుల్ని ఎక్కించుకునేవి. తర్వాత నూలు మిల్లులు. 1920ల్లో అమెరికా తలుపులు దాదాపు మూసేసింది. అలా మూసుకున్నది మళ్ళీ తెరుచుకుంది ఒక అగ్నిపర్వతం వల్ల. 1957 సెప్టెంబర్‌లో ఫయాల్ దీవి పక్కన సముద్రంలోంచి కపెలీన్యుష్ బద్దలైంది, ఏడాది పైగా బూడిద కురుస్తూనే ఉంది, పొలాలూ ఇళ్ళూ కప్పబడిపోయాయి. అప్పుడు రోడ్ ఐలండ్ సెనేటర్ పాస్టోరె, మసాచుసెట్స్ సెనేటర్ కెనడీ కలిసి 1958లో చట్టం తెచ్చారు, మొదట 1,500 కుటుంబ పెద్దలకి వీసాలు. ఆ కెనడీయే తర్వాత ప్రెసిడెంట్. 1965లో దేశానికి ఇంతమంది అనే కోటాల చట్టం మారాక అన్న వెనక చెల్లి, చెల్లి వెనక మరిది, దీవులు సగం ఖాళీ అయినంత పని అయింది. అక్కడేమో సలజార్ నియంతృత్వం, మగపిల్లాడికి ఈడొస్తే అంగోలా, మొజాంబిక్, గినీ యుద్ధాలకి పట్టుకుపోయేవాళ్ళు. 1974 ఏప్రిల్ 25న గాని ఆ ప్రభుత్వం పడలేదు.

మూడో_అంతస్తు

కరెక్టే. వవో వాళ్ళ అన్న ముందొచ్చాడు, ఆయన పిలిపిస్తే వీళ్ళు. వాళ్ళ తమ్ముణ్ణి మాత్రం అంగోలాకి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాడు కానీ ఎప్పుడూ కిటికీలు మూసుకుని పడుకునేవాడట. దాని గురించి ఒక్కసారే చెప్పింది.

కెనడీ ఫోటో ఆవిడ హాల్లో ఉండేది, ఏసు పక్కనే. ఫాల్ రివర్‌లో కెనడీ పార్కు అని పెద్దది ఉంది, కొండవాలు మీద, కింద సముద్రపు పాయ. ఆగస్టు చివర్లో అక్కడ పవిత్రాత్మ పండగ చేస్తారు, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు.

కానీ నాకు గుర్తుండిపోయింది చిన్న పండగ. ఈస్టర్ నుంచి ఏడు వారాలు వెండి కిరీటం ఒకటి ఇంటింటికీ తిరుగుతుంది. ఏ వారం ఎవరింటికి అనేది చీటీలు తీసి తేలుస్తారు. ఎప్పుడో పోర్చుగల్ రాణి ఇసబెల్ తన కిరీటం పేదవాడి నెత్తిన పెట్టిందని కథ. 2011లో వవో చీటీ వచ్చింది. ఆ వారం రోజులూ ఇల్లు పెళ్ళిల్లే. హాల్లో మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి తెల్లబట్టలు పరిచి పూలూ లైట్లూ పెట్టి పై మెట్టు మీద కిరీటం, దాని కొసన చిన్న పావురం. మా బొమ్మలకొలువు లాగా ఉంది అన్నాడు మావాడు. రోజూ సాయంత్రం జపమాల, ఆ తర్వాత ఎవరొచ్చినా భోజనం. ఎవరొచ్చినా అంటే ఎవరొచ్చినా, వీధిలో తాగి తిరిగే ఒకడుండేవాడు, వాడికి పేరు పెట్టి పిలిచి ముందు కుర్చీ వేసింది. మేం పక్క చర్చి హాలు నుంచి మడత కుర్చీలు మోసుకొచ్చాం, గిన్నెలు తోమాం.

చివరి రోజు సోపష్. ఎద్దు మాంసం రాత్రంతా ఉడికించిన రసం, అడుగున మందపాటి రొట్టె ముక్కలు, పైన పుదీనా రెబ్బలు. మా నలుగురిలో ఇద్దరు బీఫ్ తినరు. వాళ్ళకి వట్టి రొట్టె మీద కూరగాయల రసం పోసి అదే పుదీనా వేసి, కిరీటం ముందు పెట్టి తీసుకొచ్చి ఇచ్చింది. అది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ మీద నోట్‌బుక్కులో మా పేజీలో ఆవు బొమ్మ మీద ఇంటూ కొట్టి ఉంది, తర్వాత చూశాను.

టొరంటో_చలి

కెనడా నుంచి ఒక మాట. మా టీంలో ఒకమ్మాయి వాళ్ళ వవో కూడా ఇలాగే. అజోర్స్ వాళ్ళే. కెనడాకి పోర్చుగీసు వలస 1953 మే 13న మొదలైందని చెప్తారు, హాలిఫాక్స్‌లో పియర్ 21 దగ్గర సాటర్నియా ఓడ దిగింది. ఆడవాళ్ళు ఎక్కువగా రాత్రిళ్ళు ఆఫీసు టవర్లు తుడిచేవాళ్ళు. 1984లో ఫస్ట్ కెనేడియన్ ప్లేస్ అని 72 అంతస్తుల టవర్ ఉంది కదా డౌన్‌టౌన్‌లో, అక్కడ తుడిచే ఆడవాళ్ళు సమ్మె చేశారు. ఇంగ్లీషు రాని నడివయసు ఆడవాళ్ళు బ్యాంకు మేనేజర్ల ముందు బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. మా కొలీగ్ వాళ్ళ వవో ఆ వరసలో ఉంది. ఇప్పుడు ఆ టవర్ పక్క నుంచి వెళ్తే ఏ ఫ్లోర్ బాత్రూమ్‌లు ఎలా ఉంటాయో చెబుతుందట. కాస్త పక్కదారి పట్టించాను, సారీ.

డార్ట్‌మత్_అక్క

పక్కదారి ఏం కాదండీ, దారే అది. అంత్యక్రియల రోజు హాల్లో భోజనాల దగ్గర ఆవిడ కూతురు చెప్పింది మా ఎవ్వరికీ తెలీదు, అది ఇక్కడ రాయాలి.

2007 మార్చిలో న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక తోలు సామాన్ల ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ వాళ్ళు దాడి చేసి 361 మందిని పట్టుకున్నారు, ఎక్కువగా గ్వాటెమాలా మాయా ఆడవాళ్ళు, సైన్యానికి సంచులు కుట్టేవాళ్ళు. చాలామందిని విమానాల్లో టెక్సాస్ పంపేశారు, పిల్లలు ఇక్కడ ఉండిపోయారు. టీవీలో చూసి వవో కూతురికి ఫోన్ చేసి కారు తియ్యి అందట. పాలపొడి డబ్బాలు, డైపర్లు వేసుకుని చర్చి బేస్‌మెంట్‌కి వెళ్ళారు. ఈవిడకి స్పానిష్ రాదు, వాళ్ళలో చాలామందికి కూడా స్పానిష్ అంతంతే, వాళ్ళది కిచే అనే మాయా భాష. అక్కడ ఒక చంటిపిల్ల సీసా పాలు పట్టడం లేదు, తల్లి పాలు తప్ప ఎరగదు. వవో దాన్ని ఒళ్ళో వేసుకుని రాత్రి రెండింటి దాకా కూర్చుంది. చెంచాతో కొంచెం కొంచెం పోస్తూ. తర్వాత వారం రోజులు రోజూ వెళ్ళింది. వాళ్ళింట్లోనే కొందరు అన్నారట, మనం కాగితాలతో వచ్చాం వాళ్ళు కాగితాల్లేకుండా వచ్చారు, మనకెందుకు అని. "నేను ఆ మిషను మీద కూర్చున్నాను" అందట. ఇంకేం మాట్లాడలేదట.

శనివారం చర్చిలో వెనక వరసల్లో కూర్చున్న ఒకమ్మాయి, పదిహేడు పద్దెనిమిదేళ్ళుంటాయి, చాలా ఏడ్చింది. ఆ పిల్లేనేమో అని అనుకున్నాను, అడగలేదు.

నిజం_మాట్లాడతా

సరే. నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. మా అమ్మమ్మ కూడా బీడీలు చుట్టేది, కట్టల లెక్కే, నిజామాబాద్ దగ్గర మాది. థ్రెడ్ వేస్తా, టైం పడుతుంది.

సాంచాల_సిరిసిల్ల

వెయ్యన్న, ఎదురుచూస్తుంట.

పదాలపిచ్చి

@డార్ట్‌మత్_అక్క ఒక ప్రశ్న. ఆ నోట్‌బుక్కు ఏమైంది?

డార్ట్‌మత్_అక్క

ఒకటి కాదు, పదకొండున్నాయి. కూతురు బేస్‌మెంట్ అల్మారాలో (మీ కోసమే వాడా ఈ మాట) చూసిందట. @లైబ్రరీ_పార్ట్‌టైం నువ్వు చెప్పిన ఆర్కైవ్ వాళ్ళు ఇలాంటివి తీసుకుంటారా? ఆవిడ బతికుండగా ఎవరో అడిగితే, "బస్సు టికెట్లు ఎవరు చదువుతారు" అని నవ్వేసిందట.

లైబ్రరీ_పార్ట్‌టైం

కుటుంబాల కాగితాలు, ఫోటోలు ఉన్నాయక్కా అక్కడ, అడిగితే పోయేదేముంది. ఆవిడ కూతుర్ని ఒకసారి మాట్లాడమనండి. బొమ్మలకి అర్థాలు తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని రాసి ఇస్తే ఇంకా మంచిది, లేకపోతే శిలువ అంటే చర్చి అని రాసేస్తారు.

కొత్త_బ్యాచ్

అన్నా, అక్కా, నమస్తే. ఇప్పుడే ఈ థ్రెడ్ మా సీనియర్ పంపాడు. ఆ ఇంట్లో మూడో ఫ్లోర్‌లో ఇప్పుడు ఉంటున్నది మేమే, పోయిన ఏడాది ఆగస్టులో వచ్చాం. వవోకి అప్పటికే మోకాళ్ళు పోయి బయటికి వెళ్ళేది కాదు, కానీ నాకు సోషల్ సెక్యూరిటీ నంబర్ రాకపోతే మా పక్కరూమ్ వాణ్ణి పిలిచి వీడితో వెళ్ళి కూర్చో అని ఆర్డరేసింది. "వాడికేం తెలుసు వవో" అని నేనంటే, "తెలియక్కర్లేదు" అంది. మాకప్పుడు అర్థం కాలేదు, వింత ముసలావిడ అనుకున్నాం. మేమిద్దరం అక్కడ నాలుగు గంటలు ఫోన్‌లో లూడో ఆడుకున్నాం. పని అయింది.

మిరపకాయల బుట్టలు నాలుగు వచ్చి ఉన్నాయి కింద, ఆవిడే ముందుగా ఆర్డరిచ్చిందట. కూతురు ఏం చెయ్యాలో తెలీడం లేదు అంటోంది, ఆవిడకి భుజం నొప్పి. మిల్లు బల్లకే ఉంది. హ్యాండిల్ విరిగితే ఎవరో కరెంటు వైరు చుట్టి, మీద మన హైదరాబాద్ లాండ్రీ వాళ్ళ గుడ్డ ట్యాగు కట్టారు. అది మీరేనా అన్నా?

మూడో_అంతస్తు

నేనే. 2012 సెప్టెంబర్, నా చొక్కాదే ఆ ట్యాగు.

తమ్ముడూ, కాయలు ఇవాళే కడిగి దుప్పటి మీద ఆరబెట్టండి, తడి ఉంటే బూజు పడుతుంది. తొడుగులు వేసుకోండి, పోజులు వద్దు. వైరు వదులైతే బిగించి తిప్పండి, ఎడమ వైపుకి కాదు. నేను న్యూ జెర్సీ నుంచి శుక్రవారం రాత్రికి బయల్దేరతా, ట్రాఫిక్ లేకపోతే నాలుగున్నర గంటలు. రాళ్ళ ఉప్పు ఉందో లేదో చూసి చెప్పండి, తెస్తాను.

డార్ట్‌మత్_అక్క

నేను శనివారం పొద్దున్నే వస్తా. సీసాలు నా దగ్గరున్నాయి, ఇరవై దాకా.

గుంటూరు_ఘాటు

చింతపండు ఎవరు తెస్తున్నారు?